‘గుడ్’ తర్వాత ఏమనాలి?

(తిరుపతిలో ఒక కాలనీ గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం ఒక రిటైర్డ్ ఇంగ్లీషు టీచర్ మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ళు చదువుకుంటారని రికార్డు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఆమె అన్నది అన్నట్టే ఉంది.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రండమ్మా, ముందుకు రండి. లాస్ట్ బెంచీ అలవాటు ఇంకా పోలేదా మీకు? నేను మార్కులు వెయ్యనులెండి. రిటైరయ్యాను, ఎర్ర పెన్ను ఇంట్లోనే పెట్టి వచ్చాను. అయినా వెనకాల ఎందుకు కూర్చున్నారో నాకు తెలుసు, పులిహోర డబ్బా అక్కడే ఉంది. ఇంగువ వాసన ఇక్కడిదాకా వస్తోంది.

సరే. నన్ను పిలిచినవాళ్ళు ఏమన్నారంటే, ‘మేడమ్, మెచ్చుకోవడానికి, ధైర్యం చెప్పడానికి ఇంగ్లీషులో నాలుగు మాటలు నేర్పించండి’ అన్నారు. ఎందుకమ్మా అనడిగాను. మా పిల్లలు ఇంగ్లీషు మీడియం, నోటుబుక్కులో స్టారు వేయించుకొని వస్తారు, చూపిస్తారు, మేము ‘గుడ్’ అంటాం, ఆ తర్వాత ఏమనాలో తెలీదు, మళ్ళీ ‘గుడ్’ అంటాం అన్నారు. లాడ్జి రిసెప్షన్లో పనిచేసే అబ్బాయిలు కూడా వచ్చారు, అదిగో కిటికీ పక్కన. వాళ్ళ కష్టం వేరే. బెంగుళూరు నుంచి మేనేజరు ‘గుడ్ జాబ్’ అంటే తిరిగి ఏమనాలి? అది కూడా చెప్పుకుందాం, కానీ చివర్లో.

ముందు నేను చేసిన తప్పొకటి చెప్తాను. నాలుగు మాటలు నేర్పించమన్నారు కదా, నాకు ఒక్క మాటే వచ్చిన కాలం అది.

ఉద్యోగంలో చేరిన కొత్త. అప్పటి మన చిత్తూరు జిల్లాలో పడమటి వైపు ఒక హైస్కూలు. ఆరో తరగతి. అరవైమంది పిల్లలు. ఒక్కొక్కరూ లేచి పాఠంలో రెండు లైన్లు చదవాలి. చదవగానే నేను ‘గుడ్, సిట్ డౌన్, నెక్స్ట్’ అనేదాన్ని. గుడ్, సిట్ డౌన్, నెక్స్ట్. గుడ్, సిట్ డౌన్, నెక్స్ట్. రేషన్ షాపులో కార్డు మీద ముద్ర కొట్టినట్టు. ఒక పిల్లోడుండేవాడు, సన్నగా. పొద్దున్నే టమోటా తోటలో కాయ కోసి బడికి వచ్చేవాడు. టమోటా చెట్టు మరక తెలుసు కదా, ఆకుపచ్చగా అంటుకొని నల్లబడుతుంది, ఎంత కడిగినా పోదు. ఆ చేతులతో పుస్తకం పట్టుకొని చదివాడు. ‘నైఫ్’ అని రావాల్సిన చోట ‘కనైఫ్’ అని చదివాడు. వాడి తప్పేముంది, అక్షరం అక్కడుంది, వాడు పలికాడు. నేను ఎప్పట్లాగే ‘గుడ్, సిట్ డౌన్’ అన్నాను. వాడు కూర్చోలేదు.

‘మేడమ్, నేను తప్పు సదివినా కదా. గుడ్ అంటారేంది?’ అన్నాడు.

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వేశాను, కానీ ఆ రోజు బస్సులో చిత్తూరు చేరేదాకా అదే నా చెవుల్లో ఉంది. నా ‘గుడ్’ వాడి కోసం అన్నది కాదు. ‘నెక్స్ట్’ అనేముందు నేను ఊపిరి తీసుకోవడానికి పెట్టుకున్న మాట అది. నేను వినడం లేదని వాడు కనిపెట్టాడు.

మరి ఏమనాలి? ‘గుడ్ ట్రై’ అనొచ్చు. తప్పొచ్చింది కానీ ప్రయత్నం బాగుంది అని దాని అర్థం. ‘గుడ్ ట్రై. జస్ట్ వన్ వర్డ్ టు ఫిక్స్.’ ఒక్క మాట సరిచేసుకుంటే చాలు. అంతే, వాడు కూర్చునేవాడు. అయితే ‘నైస్ ట్రై’ దగ్గర మాత్రం జాగ్రత్త. మంచిగా అంటే మంచిదే. కానీ ఎవడైనా మనల్ని బుట్టలో వెయ్యబోతే, ‘నైస్ ట్రై’ అని కన్ను చికిలించి అంటారు. ‘నా దగ్గరా నీ తెలివి?’ అన్నట్టు. మాట ఒకటే, మూతి తిప్పడంలో ఉంది తేడా.

అసలు మన ఇళ్ళల్లో మెచ్చుకోలు ఎక్కడుంది చెప్పండి? పెద్దలు ఒక శ్లోకం చెప్పేవాళ్ళు. గురువుని ఎదురుగా పొగడాలంట. స్నేహితుణ్ణి చాటున పొగడాలంట. పనివాణ్ణి పని అయ్యాక పొగడాలంట. కన్నకొడుకుని? అసలు పొగడనే కూడదంట. పిల్లల్ని తల్లిదండ్రులు పొగిడితే ఆయుక్షీణం. వినలేదా మీరు? విన్నారు, తలలూపుతున్నారు. దిష్టి తగులుతుందని భయం. బిడ్డ బొద్దుగా ముద్దుగా ఉంటే అరికాలికి కాటుక చుక్క పెడతాం కానీ, ‘ముద్దుగా ఉన్నావే’ అని నోరు తెరిచి అనం.

నేను పదో తరగతిలో స్కూల్లో ఫస్టు వచ్చాను. పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చి మా నాయనకి చెప్పాను. ‘సరేలే, ఎద్దులకి నీళ్ళు పెట్టినావా?’ అన్నాడు. అంతే. నాకు ఏడుపొచ్చింది. ఆ సాయంత్రం నేను దొడ్లో ఉంటే, వసారాలో మా నాయన పక్కింటాయనతో చెప్తున్నాడు. ‘మా పాప ఇస్కూలంతటికీ ఫస్టు తెలుసునా! ఆ ఇంగిలీసులో హెడ్మాష్టరు కొడుకు కంటే దీనికే ఎక్కువ.’ నేను మెల్లగా తలుపు దగ్గరికొచ్చాను. నన్ను చూడగానే గొంతు మార్చేశాడు. ‘ఏం ఫస్టో ఏమో, ఈ కాలం మార్కులకి లెక్కేముందిలే’ అన్నాడు. నవ్వుతున్నారా? మీ ఇంట్లో జరగలేదా ఇది? జరిగింది.

ఇప్పుడు చూడండి ఒక విచిత్రం. నా కొడుక్కి ఉద్యోగం వచ్చినప్పుడు ఫోన్లో నేను ‘ప్రౌడ్ ఆఫ్ యూ రా’ అన్నాను. సులువుగా వచ్చేసింది నోట్లోంచి. దాన్నే తెలుగులో అని చూడండి. ‘నాయనా, నిన్ను చూసి నేను గర్వపడుతున్నాను.’ ఎవరైనా అంటారా ఇంట్లో? నాటకంలో రాజుగారు అన్నట్టుంటుంది. మా వాడైతే ‘అమ్మకి జ్వరమేమైనా వచ్చిందా’ అని వాళ్ళ నాన్నని అడిగుండేవాడు. తెలుగులో గొంతుకి అడ్డం పడే మాట ఇంగ్లీషులో జారిపోయి బయటికొస్తుంది. ఎందుకంటే దిష్టి భయం ఇంగ్లీషుకి అంటుకోలేదు ఇంకా. నా మటుకు నాకు, ఇంగ్లీషు నేర్చుకోవడంలో ఉద్యోగం కంటే ఇదే పెద్ద లాభం అనిపిస్తుంది. మీరు ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. చివర ‘రా’ తగిలించడం మాత్రం మర్చిపోకండి. ఆ ‘రా’ లేకపోతే అది నా మాట కాదు, గ్రీటింగ్ కార్డు మాట.

ఇక్కడొక మాట గుర్తొచ్చింది. ‘శభాష్’ మనది అనుకుంటాం కదా. అది కూడా అరువే. పారసీ నుంచి వచ్చింది. ‘షాద్ బాష్’, సంతోషంగా ఉండు అని అర్థం. అంటే అది మెచ్చుకోలు కాదు, దీవెన. కాబట్టి పరాయి మాటతో మెచ్చుకోవడం మనకేం కొత్త కాదు, ఇప్పుడు ఇంకో అంగట్లో తెచ్చుకుంటున్నాం, అంతే.

ఇంగ్లీషులో ధైర్యం చెప్పడాన్ని ‘ఎన్‌కరేజ్’ అంటారు కదా. ఆ మాట మధ్యలో ‘కరేజ్’ ఉంది. దాని మూలం లాటిన్‌లో ‘కోర్’, అంటే గుండె. మనం ‘గుండె ధైర్యం’ అంటాం, ‘గుండె నిబ్బరం’ అంటాం. వాళ్ళూ గుండెలోనే పెట్టుకున్నారు. ‘పాట్ ఆన్ ద బ్యాక్’ అంటారు, మనం వెన్ను తట్టడం అంటాం. చూడండి, చెయ్యి పడే చోటు కూడా ఒకటే.

మెట్ల మీద నేర్చుకున్న ఇంగ్లీషు

ఇప్పుడు అసలు సంగతి. ఇన్ని మాటలు ఎలా గుర్తుపెట్టుకోవాలి? మీరు ఎప్పుడైనా అలిపిరి నుంచి నడిచి కొండెక్కారా? ఎక్కనివాళ్ళు ఈ ఊళ్ళో ఉండరు. 3,550 మెట్లు. అటు శ్రీవారి మెట్టు దారైతే 2,388. నేను మాత్రం అలిపిరి మనిషిని.

మనవరాలితో ఎక్కాను. ఏడో తరగతి. నేను మెట్టుమెట్టుకీ పసుపు కుంకుమ పెడతానని మొక్కుకున్నాను, అది పక్కన ఇంగ్లీషులో మెట్లు లెక్కపెడుతోంది. ఏడొందలు దాటేసరికి దానికి ఓపిక అయిపోయింది, కూలబడింది. అప్పుడే పైనుంచి దిగుతున్న ఒకాయన, పాపం మంచివాడే, ‘అయిపోయింది పాపా, ఇంకొంచెమే’ అన్నాడు. లేచింది. పదిహేను మెట్లు ఎక్కింది. తలెత్తి చూసింది. గాలిగోపురం జాడ కూడా లేదు. ‘అబద్ధం చెప్పినాడు అవ్వా’ అని మళ్ళీ కూర్చుంది. ఈసారి అది కూర్చోవడం వేరే రకం. ఇందాక కాళ్ళు నొప్పి, ఇప్పుడు నమ్మకం పోయింది.

ఇంగ్లీషులో దీనికి రెండు మాటలున్నాయి. దగ్గర దగ్గరగా ఉంటాయి, కానీ ఒకటి కాదు. ‘యూ ఆర్ ఆల్మోస్ట్ దేర్’ అంటే దాదాపు వచ్చేశావ్. నిజంగా వచ్చేస్తేనే అనాలి. ‘యూ ఆర్ గెటింగ్ దేర్’ అంటే దారిలో ఉన్నావ్, చేరతావ్. ఏడొందలో మెట్టు మీద రెండోదే సరైనది. ‘కీప్ గోయింగ్’ అన్నా సరే, ఆగకు, నడువు. ‘టేక్ యువర్ టైమ్’ అన్నా సరే. దీన్ని మన పిల్లలు ‘నీ టైమ్ తీసుకో’ అని తర్జుమా చేసుకొని బుర్ర గోక్కుంటారు. నిదానంగా రామ్మా, తొందరేం లేదు అని, అంతే దాని అర్థం. ఆ రోజు నేను దాని పక్కన కూర్చొని మజ్జిగ తాగించి అదే అన్నాను. ‘టేక్ యువర్ టైమ్. యూ ఆర్ గెటింగ్ దేర్.’ అది నన్ను అనుమానంగా చూసి, ‘ఇంకా ఎన్నున్నాయి, నిజం చెప్పు’ అంది. నిజం చెప్పాను. ‘సరే పద’ అంది.

అదే మోకాళ్ళ పర్వతం దగ్గరికి వచ్చామనుకోండి. పిక్కలు వణుకుతుంటాయి, మోకాళ్ళు మాట వినవు. అక్కడ ‘టేక్ యువర్ టైమ్’ చాలదు. అక్కడ ‘హ్యాంగ్ ఇన్ దేర్’ అంటారు. మాటకి మాట చూస్తే ‘అక్కడ వేలాడు’. ఏమిటిది, మనిషి కష్టంలో ఉంటే వేలాడమంటారా? చేతులు వదలకుండా పట్టుకో, నిలదొక్కుకో అని. ఇది కష్టం నడుస్తున్నప్పుడే పనికొస్తుంది. మొదటి మెట్టు మీద ఉన్నవాడికి ‘హ్యాంగ్ ఇన్ దేర్’ అంటే బెదిరిపోతాడు. వాడికి ‘యూ కెన్ డూ ఇట్’ అనాలి, ‘గో ఫర్ ఇట్’ అనాలి, పరీక్షకి పోతుంటే ‘ఆల్ ద బెస్ట్’ అనాలి. ఇవన్నీ బయల్దేరేటప్పటి మాటలు. పరీక్ష రాసి బయటికొచ్చినవాడికి ‘ఆల్ ద బెస్ట్’ అంటే పెళ్ళయిన మర్నాడు శుభలేఖ ఇచ్చినట్టుంటుంది.

పైకెళ్ళాక ‘యూ మేడ్ ఇట్’ అనాలి. ‘చేశావ్’ అని కాదు, చేరుకున్నావ్, సాధించావ్ అని. ఆ రోజు మహాద్వారం ముందు ఎవరూ ఎవరికీ ఇంగ్లీషు చెప్పుకోలేదులెండి, ‘గోవిందా’ అన్నాం. దానికి మించిన ‘యూ మేడ్ ఇట్’ ఏముంది ఈ ఊళ్ళో?

తప్పుగా వాడే మాటలు రెండు మూడు చెప్తాను, ముప్పై ఏళ్ళు దిద్దీ దిద్దీ విసుగొచ్చినవి. ‘కంగ్రాచులేషన్స్’. చివర్న ‘స్’ మింగకూడదు. మనం ‘అభినందనలు’ అంటాం కానీ ‘అభినందన తీసుకో’ అని ఒక్కటే ఇవ్వం కదా, అదీ అంతే. ‘కంగ్రాచులేషన్స్ ఆన్ యువర్ న్యూ జాబ్’. ‘ఫర్’ కాదు, ‘ఆన్’. ఆ మాటకి లాటిన్‌లో అర్థం ‘కలిసి సంతోషించడం’, నీ సంతోషంలో నేనూ ఉన్నానని. ఇంకోటి, ‘వాట్ ఎ నైస్!’ అంటారు పిల్లలు. వాట్ ఎ నైస్... ఏంటి? ముగ్గా, చీరా, పాటా? ‘వాట్ ఎ నైస్ ముగ్గు’ అనాలి, లేదంటే ‘హౌ నైస్’ అనాలి. తెలుగులో మీకు తెలిసిందే ఇది. ‘ఎంత చక్కటి ముగ్గు’ అంటారు, లేదా ‘ఎంత చక్కగా ఉంది’ అంటారు. ‘ఎంత చక్కటి!’ అని ఆగిపోతారా? ఆగరు. ఇంగ్లీషులో మాత్రం ఎందుకు ఆగుతారు?

‘కీప్ ఇట్ అప్’ సంగతి సరే, ప్రోగ్రెస్ కార్డుల మీద రాసి రాసి దాని రంగు వెలిసిపోయింది. ఇలాగే కొనసాగించు అని. కొనసాగించడానికి ముందు ఏదో ఒకటి ఉండాలి కదా! పదిహేడు మార్కులొచ్చిన కార్డు మీద ‘కీప్ ఇట్ అప్’ రాసి సంతకం పెట్టిన టీచర్ని నేను చూశాను. ఎవరని అడక్కండి.

తెలివా, కష్టమా?

ఇది తల్లులు జాగ్రత్తగా వినాలి. బిడ్డ స్టారు తెచ్చింది. ఏమనాలి? ‘యూ ఆర్ సో స్మార్ట్’ అంటే సంతోషపడుతుంది. ‘యూ వర్క్‌డ్ హార్డ్’ అన్నా సంతోషపడుతుంది. రెండూ మంచి మాటలే కదా? 1998లో అమెరికాలో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఐదో తరగతి పిల్లలతో చేసిన పరిశోధన ఒకటి అచ్చయింది. పిల్లలకి కొన్ని బొమ్మల పజిల్స్ ఇచ్చారు. బాగా చేశారన్నారు. కొందరితో ‘నువ్వు తెలివైనవాడివి’ అన్నారు, కొందరితో ‘కష్టపడి చేశావ్’ అన్నారు. అంతే తేడా, ఒక్క వాక్యం. తర్వాత కష్టమైనవి ఇచ్చారు, అందరూ తప్పులు చేశారు. ఆ తర్వాత మళ్ళీ మొదటిలాంటివే ఇస్తే, తెలివైనవాళ్ళనిపించుకున్న పిల్లలు మొదటికంటే తక్కువ చేశారు. కష్టాన్ని మెచ్చుకున్న పిల్లలు ఇంకా బాగా చేశారు. మార్కులు రాసి చెప్పమంటే, తమ మార్కులు పెంచి రాసినవాళ్ళు కష్టాన్ని మెచ్చుకున్న గుంపులో కంటే తెలివైనవాళ్ళన్న గుంపులోనే ఎక్కువంట.

ఎందుకు? తెలివైనవాణ్ణన్నారు, ఇప్పుడు తప్పు చేస్తే ఆ పేరు పోతుంది కదా. కష్టపడినవాడికి పోయేదేముంది, ఇంకాస్త కష్టపడతాడు. నాకు మాత్రం ఆ టమోటా పిల్లోడే గుర్తొస్తాడు. వాడికి స్మార్ట్ అని ఎవరూ చెప్పలేదు కాబట్టే తప్పు ఒప్పుకోగలిగాడేమో.

అందుకని బిడ్డతో ఏం చూశారో అది చెప్పండి. ‘ఐ లైక్ ద వే యూ...’ అని మొదలుపెట్టండి. ‘ఐ లైక్ ద వే యూ రోట్ దిస్.’ ‘ఐ లైక్ ద వే యూ షేర్డ్ యువర్ టిఫిన్.’ ఒక్క ముక్క నేర్చుకుంటే నూరు మెచ్చుకోళ్ళు చెయ్యొచ్చు. దీనికో ఇబ్బందుంది, ముందు మీరు చూడాలి. ఫోన్ చూస్తూ ‘ఐ లైక్ ద వే యూ...’ అంటే వాక్యం పూర్తవదు. ‘గుడ్’ అయితే ఫోన్ చూస్తూనే అనొచ్చు.

ఇప్పుడు లాడ్జి అబ్బాయిల దగ్గరికొద్దాం. ఇంగ్లీషులో నువ్వు, మీరు తేడా లేదు, అందరూ ‘యూ’ అనుకుంటాం. నిజమే. మరి మర్యాద ఎక్కడ పెట్టారు? ఏ మాట ఎవరు ఎవరికి అంటారన్న దాంట్లో పెట్టారు. ‘వెల్ డన్’, ‘గుడ్ జాబ్’, ‘ఐయామ్ ప్రౌడ్ ఆఫ్ యూ’, ఇవి మామూలుగా పైవాళ్ళు కిందివాళ్ళతో అనేవి, లేదా సమానులు అనుకునేవి. మీ మేనేజరు మీటింగులో బాగా మాట్లాడాడని మీరు వెళ్ళి ‘వెల్ డన్ సర్’ అంటే, మీరు మీ హెడ్మాష్టరు భుజం తట్టి ‘శభాష్’ అన్నట్టుంటుంది. ‘సర్’ తగిలించినా లాభం లేదు. మరేమనాలి? ఆయన్ని కాదు, ఆయన వల్ల మీకేం మేలు జరిగిందో చెప్పాలి. ‘దట్ వజ్ వెరీ హెల్ప్‌ఫుల్, సర్.’ ‘ఐ లెర్న్‌డ్ ఎ లాట్ టుడే.’ గురువుని పొగడ్డానికి మనం కూడా అంతే కదా, ‘మీరు బాగా చెప్పారండీ’ అనడం కంటే ‘మీ వల్ల నాకు అర్థమైందండీ’ అంటే ఆయన కళ్ళు వెలుగుతాయి.

సమానుల దగ్గర ఈ గొడవేమీ లేదు. మన పిల్లలు ‘ఇరగదీశావ్ రా’, ‘దుమ్ము లేపావ్’, ‘కుమ్మేశావ్’ అంటారు. వాళ్ళు ‘యూ నెయిల్డ్ ఇట్’, మేకు దించేశావ్ అంటారు. ‘యూ క్రష్డ్ ఇట్’, నలగ్గొట్టేశావ్. ‘యూ కిల్డ్ ఇట్’, చంపేశావ్. చూడండి, మెచ్చుకోవాలంటే మనం విరగ్గొడతాం, వాళ్ళు చంపుతారు! కుర్రాళ్ళు ఎక్కడైనా కుర్రాళ్ళే. నాటకం ఆడబోయేవాళ్ళతో ‘బ్రేక్ ఎ లెగ్’ అంటారు, కాలు విరగ్గొట్టుకో అని. బిత్తరపోకండి. పిల్లలు బతకని ఇంట్లో పుట్టిన బిడ్డకి పెంటయ్య, పుల్లమ్మ అని పేరు పెట్టిన జాతి మనది. మంచి జరగాలంటే చెడ్డ మాట అడ్డం పెట్టడం మనకి తెలీదా? కానీ దాన్ని స్టేజీ ఎక్కేవాళ్ళకే వాడండి. ఆపరేషన్‌కి పోయేవాళ్ళతో అనకండి, దయచేసి.

క్రికెట్ చూసేవాళ్ళకి నేను నేర్పేదేం లేదు. మెచ్చుకోలులో సగం అక్కడే ఉంది. ‘వెల్ ప్లేయ్డ్’, ‘గుడ్ షాట్’, ‘గ్రేట్ ఎఫర్ట్’. నాకు అన్నిట్లోకీ నచ్చేది ‘వెల్ లెఫ్ట్’. బంతిని కొట్టకుండా వదిలేసినందుకు మెచ్చుకోవడం! కోపంలో నోటిదాకా వచ్చిన మాట వదిలేసిన కోడలికి ఎవరైనా ‘వెల్ లెఫ్ట్’ అన్నారా ఎప్పుడైనా? ఏమ్మా, నవ్వుతున్నావ్?

‘నాట్ బ్యాడ్’ అని ఇంకోటుంది. చెడ్డగా లేదు. మనవాళ్ళు ఇది విని మొహం చిన్నబుచ్చుకుంటారు. మనకి కూడా ఉంది కదా, ‘ఫర్వాలేదు’. కూర తిని మామగారు ‘ఫర్వాలేదు’ అన్నాడంటే బాగుందనా, బాగలేదనా? ఆయన మళ్ళీ వడ్డించుకున్నాడా లేదా చూడాలి. ‘నాట్ బ్యాడ్’ కూడా అంతే. ‘క్వైట్ గుడ్’ ఇంకా చిక్కు. అమెరికా వాళ్ళంటే చాలా బాగుందని. అదే బ్రిటన్‌లో చాలాసార్లు ఏదోలే, ఓ మోస్తరుగా ఉందని. మీ మేనేజరు ఏ దేశంలో చదువుకున్నాడో కనుక్కోండి ముందు.

ఓడిపోయినవాళ్ళ సంగతి. ఇంటర్ రిజల్ట్స్ రోజు ప్రతి వీధిలో ఒక ఇంట్లో టీవీ కట్టేసి ఉంటుంది, తెలుసు కదా. అక్కడికెళ్ళి ‘బెటర్ లక్ నెక్స్ట్ టైమ్’ అనకండి. అది లాటరీ తగలనివాడికి, ఆటలో ఓడినవాడికి పనికొస్తుంది. సంవత్సరం పోయిన పిల్లకి అది తలుపు మూసేసిన చప్పుడులా వినిపిస్తుంది. ‘ఐ నో హౌ హార్డ్ యూ ట్రైడ్’ అనండి, ఎంత కష్టపడ్డావో నాకు తెలుసు. ‘ఐయామ్ హియర్ ఫర్ యూ’ అనండి, నేనున్నాను. తెలుగులోనే అనండి, ఇంకా మంచిది. ‘నేనుండాను కదా పాపా’ అంటే ఏ ఇంగ్లీషూ దానికి సాటి రాదు. ఇంకేమీ తోచకపోతే ఊరికే పక్కన కూర్చోండి. కొట్టకుండా వదిలేసిన బంతి అనుకోండి.

ఇక చివరిది, ‘గుడ్ జాబ్’ అంటే తిరిగి ఏమనాలి? ఇక్కడే మనం దెబ్బతింటాం. ఎవరైనా మెచ్చుకుంటే మనం ‘అబ్బే, అదేం లేదండీ’ అంటాం. ‘అంతా స్వామి దయ’ అంటాం. చీర బాగుందంటే ‘పాతదే’ అంటాం, ‘సేల్‌లో కొన్నది’ అంటాం. మనలో మనకి అది వినయం. ఇంగ్లీషులో మేనేజరు ‘గుడ్ జాబ్’ అంటే మీరు ‘నో సర్, నథింగ్ సర్’ అన్నారనుకోండి, ఆయన చెప్పింది తప్పు అన్నట్టవుతుంది. ‘థాంక్యూ సర్’ అనండి, ఒక క్షణం ఆగండి. ఆ ఆగడమే కష్టం. ఆ తర్వాత ఇంకోమాట కావాలంటే ‘ఐయామ్ గ్లాడ్ ఇట్ వెంట్ వెల్’ అనండి, పని చక్కగా జరిగినందుకు సంతోషం అని. తోడు పనిచేసినవాళ్ళుంటే ‘మై టీమ్ హెల్ప్‌డ్ మీ’ అనండి. స్వామి దయ మనసులో అనుకోండి, ఆయనకి వినబడుతుంది.

సరే, ఇప్పుడు ఒక్కసారి చేసి చూద్దాం. పక్కనున్నవాళ్ళని ఒక్క మాట ఇంగ్లీషులో మెచ్చుకోండి. నిజంగా చూసిందే చెప్పాలి. ‘నైస్ సారీ’ అని తప్పించుకోవద్దు. అమ్మా, వెనకాల మీరు, పచ్చ చీర. ఆ పులిహోర చేసింది ఎవరు? మీ కోడలా? పక్కనే ఉందా? ఇంకేం. లేచి చెప్పండి కోడలితో. రాదా? వస్తుంది. ‘వాట్ ఎ...’ అని మొదలెట్టండి. టేక్ యువర్ టైమ్.

‘వాట్ ఎ టేస్టీ పులిహోర.’ అబ్బ! బ్రహ్మాండం. విన్నారా అందరూ? ‘స్’లూ ‘ఆన్’లూ దేంట్లోనూ తప్పు లేదు. ఏమ్మా కోడలా, ఇప్పుడు నీ వంతు. చెప్పు అత్తకి.

‘అబ్బే, ఉప్పు తక్కువైంది అత్తా...’

థాంక్యూ అనమ్మా! థాంక్యూ అను! ఇంతసేపూ ఏం చెప్పాను నేను?